లావుగా ఉన్నవాళ్ళు బట్టలు ఎలా ఎంచుకోవాలి: జాకెట్టు కొలత నుంచి చీర కుచ్చిళ్ళ దాకా

లావుగా ఉన్న ఆడవాళ్ళకి బట్టల గురించి అందరూ చెప్పే మాటలు రెండే: ముదురు రంగు కట్టుకో, వదులుగా వేసుకో. ఈ రెండూ పాటిస్తున్నా అద్దంలో చూసుకున్నప్పుడు ఏదో కుదరలేదని అనిపిస్తోందా? అయితే ఈ వ్యాసం మీ కోసమే. మరీ వదులైన బట్ట ఛాతీ మీద నుంచి డేరాలా నిలువునా కిందికి దిగుతుంది. ఛాతీ ఎంత వెడల్పో నడుమూ అంతే వెడల్పని చూపిస్తుంది. ఉన్న ఒళ్ళు దాగదు సరికదా, లేనిది కూడా వచ్చి చేరుతుంది.

బట్ట అందంగా కనిపించాలంటే అది ముందు భుజం మీద, ఛాతీ దగ్గర, చంకలో కుదరాలి. ఈ మూడు చోట్ల సరిగ్గా కూర్చుంటే పొట్ట దగ్గర, పిరుదుల దగ్గర కాస్త వదులున్నా బిగువున్నా చూసేవాళ్ళకి తెలియదు. కాబట్టి రంగులూ డిజైన్లూ పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ముందు లోపలి బట్టలు సరిచూసుకోండి

కొలతలు తీసుకోక ముందే చేయాల్సిన పని ఇది. బ్రా సాగిపోయి ఛాతీ రెండంగుళాలు కిందికి దిగి ఉందనుకోండి. దాని మీద కొలిచి కుట్టిన జాకెట్టుని కొత్త బ్రా మీద వేసుకుంటే డాట్ (ఛాతీకి ఆకారం రావడానికి బట్టని మడిచి వేసే కుట్టు) మొన ఒకచోట, ఛాతీ ఇంకోచోట ఉంటాయి. ఎంత మంచి టైలర్ అయినా అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.

అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడండి. బ్రా వెనక పట్టీ నేలకు సమాంతరంగా ఉండాలి. వీపు మీద పైకి ఎక్కిపోయిందంటే ఆ పట్టీ మీకు వదులు. చాలామంది అప్పుడు భుజం పట్టీలు బిగించి సర్దుకుంటారు. భుజాల మీద గాట్లు పడేది, మెడ నొప్పి మొదలయ్యేది అందుకే. బరువులో ఎక్కువ భాగం ఛాతీ కిందుగా చుట్టూ ఉండే పట్టీ మొయ్యాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత బిగువు చాలు. కొత్తది కొనేటప్పుడు అన్నిటికంటే వదులుగా ఉండే హుక్కుల వరుసకి పెట్టి చూడండి. ఉతికేకొద్దీ సాగుతుంది కాబట్టి తర్వాత లోపలి వరుసలకి మారొచ్చు.

ఇంకొక సంగతి. కప్పు పైనుంచి ఛాతీ పొంగుతోందని 38 బదులు 40 కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాంతో పట్టీ వదులవుతుంది, సమస్య అలాగే ఉంటుంది. చాలాసార్లు వాళ్ళకి కావాల్సింది అదే 38లో ఒక పెద్ద కప్పు, అంటే సి బదులు డి. మీ ఊళ్ళో డి, ఇ కప్పులు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పట్టీ వెడల్పుగా ఉండి, వెనక మూడు హుక్కులున్నవి చూసుకోండి.

2. కొలతలు తీసి రాసుకోండి

ఇంట్లో ఎవరినైనా సాయం అడగండి. మీ అంతట మీరు కొలుచుకుంటే చెయ్యి కదిలినప్పుడల్లా టేపు జారుతుంది. ఊపిరి బిగబట్టకండి, పొట్ట లోపలికి లాగకండి. ఫోన్‌లో ఈ కొలతలన్నీ రాసి పెట్టుకోండి:

- భుజం నుంచి భుజం వరకు, వీపు వైపు
- చంకల కిందుగా, ఛాతీ పైభాగం చుట్టూ
- ఛాతీ నిండుగా ఉన్నచోట చుట్టూ
- ఛాతీకి సరిగ్గా కింద చుట్టూ
- నడుము, పొట్ట, పిరుదులు (పొట్ట కొలత నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి)
- చేతి లావు, చంకకు కాస్త కిందుగా
- భుజం మీద మెడ దగ్గర నుంచి ఛాతీ మొన వరకు

వీటిలో రెండో కొలతకీ మూడో కొలతకీ తేడా ఎంతో చూడండి. నాలుగంగుళాలు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే రెడీమేడ్ బట్టలు మీకు ఎందుకు కుదరడం లేదో తెలిసిపోతుంది. కంపెనీలు సైజు పెంచేటప్పుడు ఛాతీతో పాటు భుజం, మెడ కూడా పెంచుకుంటూ పోతాయి. ఒళ్ళు వచ్చినంత మాత్రాన భుజం ఎముక అంతంత వెడల్పు పెరగదు కదా. అందుకే ఛాతీకి సరిపోయిన త్రీ ఎక్స్ ఎల్ కుర్తీ భుజం మీద నుంచి జారిపోతుంది, మెడ దగ్గర నోరు తెరుచుకుంటుంది. ఇలాంటివాళ్ళు ఛాతీకి సరిపోయింది కొని, భుజం దగ్గర ఆల్టరేషన్ చేయించుకోవాలి. లేదంటే కుట్టించుకోవడమే మంచిది.

3. జాకెట్టు: డబ్బు, శ్రద్ధ ఇక్కడ పెట్టండి

రెండు వేల చీరకి బాగా కుదిరిన జాకెట్టు వేసుకుంటే, జాకెట్టు కుదరని ఇరవై వేల పట్టుచీర కంటే అందంగా ఉంటుంది. ఈ విషయంలో నాకు ఎలాంటి అనుమానమూ లేదు. పైగా రెడీమేడ్ అనే ఇబ్బంది లేకుండా మన ఒంటికి కొలిచి కుట్టించుకునే బట్టల్లో ఈరోజుకీ ఎక్కువమందికి మిగిలింది ఇదే. దాన్ని బాగా వాడుకోవాలి.

మొదటి సమస్య ఆది జాకెట్టుతోనే వస్తుంది. ఎప్పుడో కుట్టించుకున్న జాకెట్టు, రెండు సార్లు పక్క కుట్లు విప్పుకున్నది, టైలర్ చేతిలో పెట్టి "ఇలాగే కుట్టండి" అంటాం. దాంట్లో ఉన్న లోపాలన్నీ కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి. ఆది ఇవ్వండి, కానీ ఇలా చెప్పండి: "మాస్టారూ, ఆది నుంచి భుజం, చేతుల పొడవు మాత్రమే తీసుకోండి. ఛాతీ, చంక, చేతి లావు టేపుతో కొలవండి. ఛాతీ మొన ఎక్కడొస్తుందో కూడా కొలిచి రాసుకోండి." ఆ ఆఖరి కొలత అడిగితే చాలు, ఈవిడకి విషయం తెలుసని మాస్టారుకి అర్థమవుతుంది. టైలర్ ఆడమనిషి అయితే కొలతలు మొహమాటం లేకుండా తీయించుకోవచ్చు. అలాంటి అక్క మీ పేటలో ఉంటే కుట్టుకూలి నలభై, యాభై ఎక్కువైనా ఆవిడ దగ్గరికే వెళ్ళండి.

తర్వాత కటింగ్. ఛాతీ పెద్దగా ఉన్నవాళ్ళకి ప్రిన్సెస్ కట్ (డాట్ల బదులు ఛాతీ మీదుగా కింది దాకా పొడవాటి కుట్టు వేసేది) గానీ, నాలుగు డాట్లు గానీ ఉండాలి. ఒకటి రెండు చిన్న డాట్లతో సరిపెడితే మిగిలిన బట్ట చంక దగ్గర ముడతలుగా చేరుతుంది. డాట్ మొన ఛాతీ మొనకు ఒక అంగుళం ముందే ఆగాలి. సరిగ్గా మొన మీదికి వస్తే అక్కడ సూదిగా కనిపిస్తుంది. ముందు భాగం పొడవు వెనక భాగం కంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే బట్ట ఛాతీ మీదుగా ఎక్కి దిగాలి.

పాత జాకెట్టు వేసుకుని ఒకసారి పరీక్షగా చూడండి. ఎక్కడ ఏ లోపం ఉందో అదే చెబుతుంది.

కింది పట్టీ ఛాతీ మీదికి ఎక్కిపోతుంటే ముందు పొడవు చాలలేదు. చంక ముందు వైపు వాలుగా ముడతలు పడుతుంటే డాట్ చిన్నదైంది. హుక్కుల మధ్య నోళ్ళు తెరుచుకుంటుంటే ఛాతీ దగ్గర బిగువైంది. కొత్తది కుట్టేటప్పుడు అరంగుళం పెంచి, హుక్కులు అంగుళానికొకటి చొప్పున దగ్గరగా పెట్టమనండి. చెయ్యి పైకెత్తితే జాకెట్టు మొత్తం లేస్తోందా? ఇది చాలామంది పొరపాటు పడే చోటు. చంకలో పట్టేస్తోందని "చంక వదులు చేయండి" అంటాం. మాస్టారు చంకని ఇంకా కిందికి తీసేస్తారు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు అంత ఎక్కువ బట్ట పైకి లాగుతుంది. కావాల్సింది చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండి, చేతి దగ్గర వెడల్పుగా ఉండడం. బస్సులో పైన కడ్డీ పట్టుకునేవాళ్ళు, స్కూల్లో బోర్డు మీద రాసే టీచర్లు ఈ ఒక్క మార్పు చేయించుకుంటే ఎంత సుఖంగా ఉంటుందో చూడండి.

మెడ విషయానికొస్తే, ముందూ వెనకా రెండూ లోతుగా పెట్టించుకోకండి. భుజం పట్టుకునే బట్ట తక్కువై జారుతుంది. ఒకటి లోతైతే రెండోది పైకి ఉండాలి. లోతు వీపు కావాలనుకుంటే పైన ఒక దోరీ కట్టించుకోండి. ఛాతీ నిండుగా ఉన్నవాళ్ళకి వి ఆకారం, కాస్త లోతైన యు ఆకారం బాగుంటాయి, మెడ పొడవుగా కనిపిస్తుంది. భుజం నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే బోట్ నెక్ సన్నని భుజాలున్నవాళ్ళకి పర్వాలేదు. భుజం వెడల్పుగా ఉంటే దాన్ని ఇంకా వెడల్పు చేస్తుంది.

చేతులు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. జబ్బ లావుగా ఉన్నచోటే జరీ అంచు పెట్టి ఆపేస్తే, ఇదిగో ఇక్కడ చూడండి అని చెప్పినట్టే. మోచేతికి కాస్త పైన గానీ, మోచేతి కింద గానీ ఆపండి. చేతి లావు కొలత మీద కనీసం అంగుళంన్నర వదులుండాలి. జరీ, బ్రొకేడ్ బట్టలు అసలు సాగవు కాబట్టి వాటికి ఇంకొంచెం. బుట్ట చేతులు ఇష్టమైతే బుట్ట చిన్నగా, భుజం పైవైపుకి ఉండేలా కుట్టించుకోండి.

జాకెట్టు పొడవు కూడా ముఖ్యమే. ఛాతీ కింద, నడుము పైన మడత పడే చోట సరిగ్గా పట్టీ ఆగితే ఆ మడతని నొక్కి బయటికి తోస్తుంది. పట్టీని ఆ మడతకి పైనే ఆపండి, లేదా దాన్ని దాటించి పొడవుగా కుట్టించండి. రెండూ బాగుంటాయి, మధ్యలో ఆగితేనే ఇబ్బంది.

బట్ట కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: చీరతో వచ్చే బ్లౌజ్ పీస్ మామూలుగా 80 సెంటీమీటర్లే ఉంటుంది. ఛాతీ 42 దాటి, మోచేతుల వరకు చేతులు కావాలంటే అది చాలదు. చాలకపోతే చంకలో అతుకు వేస్తారు. మీటరు, మీటరుంపావు బట్ట విడిగా కొనుక్కోవడం మంచిది. లైనింగ్‌కి నూలు బట్టే వేయించండి, కుట్టే ముందు దాన్ని నీళ్ళలో నానబెట్టి ఆరేయమనండి. అలా చేయకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ ముడుచుకుపోయి పై బట్టని లాగేస్తుంది. పక్క కుట్ల దగ్గర లోపల రెండు వైపులా అంగుళంన్నర బట్ట వదిలిపెట్టమని తప్పకుండా చెప్పండి. ఒళ్ళు కాస్త అటూ ఇటూ అయినప్పుడు జాకెట్టు పనికొస్తుంది.

4. చీర: రంగు కంటే ముందు బట్ట పట్టుకు చూడండి

కొట్లో చీర విప్పగానే మన చూపు రంగు మీదికి, అంచు మీదికి వెళ్తుంది. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చీరలో అర మీటరు బట్టని కుచ్చిళ్ళలా పట్టుకుని చేత్తో పైకెత్తి వదులుగా వేలాడదీయండి. మడతలు నిలువుగా కిందికి దిగితే ఆ చీర మీ ఒంటి మీద కూడా అలాగే దిగుతుంది. గొడుగు విప్పినట్టు పక్కలకి విచ్చుకుంటే నడుము దగ్గర కూడా అలాగే విచ్చుకుంటుంది. ఆర్గంజా, టిష్యూ, గంజి బాగా పట్టించిన కోటా అలా నిలబడే బట్టలు. క్రేప్, మెత్తని పట్టు, మల్ కాటన్ చక్కగా దిగుతాయి.

జార్జెట్ గురించి నా అభిప్రాయం కాస్త వేరు. లావుగా ఉన్నవాళ్ళకి అదే మంచిదని కొట్లో ముందు దాన్నే పరుస్తారు. మందపాటి జార్జెట్ అయితే నిజమే. పల్చటి జార్జెట్, షిఫాన్ మాత్రం పొట్టకీ పిరుదులకీ అతుక్కుని ప్రతి మడతనీ చూపిస్తాయి. చెమట పట్టే రోజుల్లో మరీను.

మన నేత చీరల్లో వెతికితే చాలా దొరుకుతాయి. మంగళగిరి నూలు చీరలో మామూలుగా ఒంటి నిండా డిజైన్ ఉండదు, సాదా బట్టకి జరీ అంచు, అంతే. అంచు సన్నగా ఉన్నది తీసుకుంటే ఎవరికైనా బాగుంటుంది. కొత్తలో కాస్త బిరుసుగా ఉంటుంది, నాలుగైదు ఉతుకులకి మెత్తబడి ఒంటికి అలవాటవుతుంది. వెంకటగిరి సన్ననూలు చీర తేలిక, వేసవిలో హాయి. ఉప్పాడ జాందానీ పట్టు అంత బరువుండదు, పెళ్ళిళ్ళకి కంచి పట్టు మోయలేం అనుకునేవాళ్ళకి మంచి దారి. సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచు బరువుకి కుచ్చిళ్ళు నిలువుగా నిలుస్తాయి, పొడుగ్గా ఉన్నవాళ్ళకి చాలా హుందాగా ఉంటుంది. అయిదడుగుల లోపు ఎత్తు ఉంటే అరచేతి వెడల్పు మించని అంచు తీసుకోండి. అంచు పెద్దదయ్యేకొద్దీ మనిషి కురచగా కనిపిస్తుంది. పోచంపల్లిలో డబుల్ కాటన్ కంటే పట్టు, సీకో (పట్టు, నూలు కలిపి నేసినవి) రకాలు మెత్తగా దిగుతాయి. గళ్ళు, డైమండ్లు మరీ పెద్దవి కాకుండా అరచేతిలో ఇమిడేవి చూసుకోండి.

పువ్వుల ప్రింటైనా అంతే. మరీ సన్న చుక్కలు పెద్ద ఒంటి మీద చెల్లాచెదురుగా కనిపిస్తాయి, పళ్ళెమంత పువ్వు ఛాతీ మీదో పొట్ట మీదో వచ్చి కూర్చుంటుంది. మధ్యరకం తీసుకోండి.

ఇక రంగు. నలుపు, నేవీ బ్లూ తప్ప ఇంకేమీ కట్టుకోకూడదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పసుపు కట్టుకోండి, మిరపపండు ఎరుపు కట్టుకోండి, రామచిలక ఆకుపచ్చ కట్టుకోండి. ఏళ్ళ తరబడి ఇష్టమైన రంగుని దూరం పెట్టి, చుట్టాల ఫంక్షన్లో పక్కావిడ కట్టుకుంటే చూసి ముచ్చటపడే అవసరం ఎవరికీ లేదు. రంగు పొడవుగా చూపించాలంటే ఒక కిటుకుంది: జాకెట్టు, చీర ఒకే రంగులో గానీ, దగ్గర ఛాయల్లో గానీ ఉంటే మెడ నుంచి పాదం వరకు ఒకే గీతలా కనిపిస్తుంది. జాకెట్టు కాంట్రాస్ట్ అయితే చూపు ఛాతీ దగ్గర ఆగుతుంది. మీ ముఖం, మెడ, నగలు కనపడాలనుకుంటే కాంట్రాస్టే మంచిది. ఏది కావాలో మీరే చూసుకోండి.

5. లంగా, కట్టు

చీర పొడవు చాలదని, కుచ్చిళ్ళు రెండే వస్తున్నాయని చాలామంది బాధపడతారు. లెక్క చూడండి. చీర అయిదున్నర మీటర్లు. పిరుదుల దగ్గర 48 అంగుళాలుంటే మొదటి చుట్టుకే 1.2 మీటర్లు పోతుంది. వెనక నుంచి రెండో చుట్టుకి ఇంకో 1.1. పైటకి, మోకాలి దాకా వేలాడే కొంగుకి కలిపి సుమారు 1.8. మిగిలింది 1.4 మీటర్లు. ఒక్కో కుచ్చిలికి పాతిక సెంటీమీటర్లు పడుతుంది కాబట్టి అయిదు కుచ్చిళ్ళు, అంతే. 36 అంగుళాలున్నవాళ్ళకి ఇదే చీరలో ఎనిమిది వస్తాయి.

దీనికి మంచి ఉపాయం ఉంది. చీరతో వచ్చిన బ్లౌజ్ పీస్‌ని కత్తిరించకండి. అది లోపలి చెరగు వైపు ఉంటే అలాగే వదిలేసి, అక్కడి నుంచే చీర దోపడం మొదలుపెట్టండి. మొదటి చుట్టులో లోపలికి పోతుంది, పైకి కనపడదు. మీకు 80 సెంటీమీటర్లు కలిసొచ్చి ఇంకో మూడు కుచ్చిళ్ళు వస్తాయి. ఎలాగూ ఆ పీస్ మీ జాకెట్టుకి చాలదు కదా, బట్ట విడిగా కొనుక్కోండి. ఫాల్ కుట్టించేటప్పుడు మాత్రం ఇలా కడతానని ముందే చెప్పాలి, ఫాల్ ఎక్కడ మొదలవ్వాలో మారుతుంది.

లంగా ఆరు ముక్కలతో కుట్టింది వాడండి, నడుం దగ్గర కుచ్చు తక్కువ, కింద వెడల్పు ఎక్కువ. నాడా లాగితే పోగయ్యే బట్టంతా పొట్ట మీద ఉండలా చేరుతుంది, దాని మీద కుచ్చిళ్ళు దోపితే ఇంకో రెండంగుళాలు పెరుగుతుంది. ముందు వైపు సాదాగా ఉండి, పక్కన హుక్కు, వెనక కొద్దిగా ఎలాస్టిక్ పెట్టి కుట్టించుకుంటే పొట్ట మీద చదునుగా ఉంటుంది. ఒంటికి పట్టి ఉండే షేప్‌వేర్ లంగాలు ఫంక్షన్లకి బాగుంటాయి. అయితే అడుగు పెద్దగా వేయాలంటే ఒక పక్క చీలిక ఉన్నది తీసుకోండి. ఊపిరి ఆడనంత చిన్న సైజు కొనకండి, నొక్కిన ఒళ్ళంతా వీపు మీద మడతగా తేలుతుంది.

నాడా గురించి ఇంకో మాట. రోజూ ఒకే చోట సన్న తాడు బిగించి కట్టడం వల్ల నడుం మీద నల్లగా మచ్చలు పడతాయి, దురద, పుండ్లు వస్తాయి. ఏళ్ళ తరబడి అలా మానని పుండు చర్మ క్యాన్సర్‌గా మారిన కేసులు అరుదుగానైనా ఉన్నాయని 2024లో మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాశారు. వెడల్పు పట్టీ ఉన్న లంగా వాడండి, ఇంటి దగ్గర వదులు చేసుకోండి, మానని పుండు ఉంటే డాక్టరుకి చూపించండి.

కట్టేటప్పుడు ముందు చెప్పులు వేసుకోండి. లేకపోతే కుచ్చిళ్ళు పైకి తేలిపోతాయి. లంగా బొడ్డు దగ్గర గానీ, దానికి అంగుళం పైకి గానీ కట్టండి. పొట్ట కిందికి దించి కడితే పైన ఉన్నదంతా ముందుకి పొంగుతుంది. కుచ్చిళ్ళు ఒకదాని మీద ఒకటి మందంగా పేర్చకుండా, దోపే చోట కాస్త విసనకర్ర తీరుగా పరిచి బొడ్డుకి కొద్దిగా ఎడమ వైపుకి పెట్టండి. పైట కుచ్చిళ్ళు నాలుగంగుళాల వెడల్పు చాలు. పిన్ను భుజం కుట్టుకి కాస్త వెనగ్గా పెడితే పైట ముందుకి జారదు. కుడి పిరుదు దగ్గర నుంచి పైటని గట్టిగా లాగి వాలుగా తీసుకెళ్ళండి. ఆ వాలు గీతే నడుముకి ఆకారం ఇస్తుంది. పైటని వదులుగా మోచేతి మీద వేసుకోవడం కూర్చున్నప్పుడు బాగుంటుంది గానీ నిలబడితే ఒళ్ళంతా ఒకే పలకలా కనిపిస్తుంది.

నడిచినప్పుడు తొడలు రాసుకుని మండుతుంటే లంగా లోపల మోకాలి పైదాకా ఉండే కాటన్ షార్ట్స్ వేసుకోండి. ఎండాకాలం పెళ్ళిళ్ళలో ఇది ప్రాణం కాపాడుతుంది.

6. కుర్తీలు, ఆన్‌లైన్ కొనుగోలు

కుర్తీల్లో ముందుగా చూడాల్సింది అడ్డు కుట్టు ఎక్కడ పడుతుందనేది. యోక్ (పైభాగంలో విడిగా జోడించే ముక్క) ఉన్న కుర్తీల్లో ఆ కుట్టు ఛాతీ మధ్యలో పడితే ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. ఛాతీ కిందికి పూర్తిగా దిగాలి. అనార్కలీ అయితే కుచ్చు పెట్టింది కాకుండా కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే నిలువు ముక్కలు) జోడించింది తీసుకోండి, నడుము దగ్గర బట్ట పోగవదు. పొడవు తొడ లావుగా ఉన్నచోట ఆగకూడదు, మోకాలు దాటాలి. పక్క చీలికలు నిలబడినప్పుడు రెండు వైపులకీ విచ్చుకుంటున్నాయంటే పిరుదుల దగ్గర చాలలేదని గుర్తు. పైనుంచి కిందికి వెడల్పవుతూ వచ్చే 'ఎ-లైన్' కట్ ఉన్నది వేసుకుంటే ఈ బాధే ఉండదు.

కుర్తీ కింద పలాజో వేసుకుంటే కుర్తీ సన్నగా, నేరుగా ఉండాలి. రెండూ వెడల్పైతే బట్టే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. పల్చటి లెగ్గింగ్ బదులు నేరుగా దిగే కాటన్ ప్యాంటు చాలా బాగుంటుంది. చున్నీని ఒక భుజం మీద మడతపెట్టి నిలువుగా వదిలేయండి.

ఆన్‌లైన్‌లో ఎక్స్ ఎల్, డబుల్ ఎక్స్ ఎల్ అనే అక్షరాలని నమ్మకండి. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. మీకు బాగా కుదిరిన కుర్తీ ఒకటి తీసి మంచం మీద పరిచి, ఒక చంక నుంచి ఇంకో చంక దాకా కొలవండి. దాన్ని రెట్టింపు చేయండి. పిరుదుల దగ్గరా అంతే. ఇప్పుడు ఆ కంపెనీ సైజు పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా అని చూడండి. బట్ట కొలత అయితే మీ కుర్తీతో పోల్చండి. ఒంటి కొలత అయితే మీ ఫోన్‌లో రాసుకున్న దానితో పోల్చండి. సాగని కాటన్ కుర్తీ ఒంటి కంటే మూడు నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలి. కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు తప్పకుండా చూడండి, మోడల్ ఫొటో కంటే అవే నిజం చెబుతాయి. వాపసు తీసుకుంటారో లేదో చూసుకోండి, సరిచూసే దాకా ట్యాగ్ తీయకండి.

జీన్స్ వేసుకునేవాళ్ళు నడుము ఎత్తుగా ఉండి, కొద్దిగా సాగేవి తీసుకోండి. ఆఫీసు షర్టు ఛాతీకి సరిపోయేది కొని నడుము దగ్గర టైలర్ చేత తగ్గించుకోండి, గుండీల మధ్య లోపల చిన్న టిచ్ బటన్ కుట్టించుకోండి. ఇంట్లో వేసుకునే నైటీ కూడా భుజానికి సరిపడా ఉండాలి. రోజులో సగం అందులోనే గడిపే మనిషికి మెడ జారిపోయే నైటీ ఎందుకు?

7. ట్రయల్, టైమ్

ట్రయల్ రూమ్‌లో నిలబడి చూసుకుంటే సరిపోదు. కూర్చోండి, చేతులు పైకెత్తండి, వంగి కింద వస్తువు తీసినట్టు చేయండి. స్కూటీ నడిపేవాళ్ళు హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి వీపు దగ్గర లాగుతుందేమో చూడండి. వెనక వైపు ఫొటో తీయమని తోడొచ్చిన వాళ్ళని అడగండి. ఆ గదుల్లో పైనుంచి పడే లైటులో ఎవరూ బాగా కనిపించరు కాబట్టి ముఖం చూసుకుని దిగులు పడకండి, బట్ట మాత్రమే చూడండి. మీ సైజు లేదని సేల్స్ వాళ్ళు మొహం అదోలా పెడితే ఇంకో కొట్టుకి వెళ్ళండి. డబ్బు మీది.

శ్రావణమాసం, దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజన్ ముందు టైలర్లకి ఊపిరాడదు. ఫంక్షన్‌కి కనీసం మూడు వారాల ముందు బట్ట ఇవ్వండి. ఒకేసారి నాలుగు జాకెట్లు ఇచ్చేయకండి. ముందు ఒకటి, అది కూడా మామూలు కాటన్‌ది కుట్టించి, ఒక రోజంతా వేసుకుని చూడండి. ఎక్కడ పట్టిందో, ఎక్కడ జారిందో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి మాస్టారుకి చూపించండి. అది కుదిరాక దాన్నే ఆదిగా పెట్టి పట్టువి కుట్టించండి. తీసుకునేటప్పుడు షాపులోనే లోపలి బట్ట ఎంత వదిలారో తిప్పి చూసుకోండి. కొలతలు ఆరు నెలలకోసారి, కాన్పు తర్వాత అయితే ఇంకా ముందే, మళ్ళీ తీసి తేదీ వేసి పెట్టుకోండి.